లెక్క లేని మొక్కు

మా ఊళ్లో ఆడమనిషి పొద్దున్నే ఉత్త చేతులతో వేగంగా నడవకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, నేనే నాలుగు రోజులు నడిచి కనిపెట్టాను. మొదటి రోజు మూలమీది ఇంటావిడ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి, "ఏమాయె టీచరమ్మా? ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదన్నాను. రెండో రోజు ఆవిడే, "ఇంట్ల లొల్లి గిట్ల అయిందా?" అంది. లేదన్నాను. మూడో రోజు ఏమీ అడగలేదు కాని, వాళ్ల ఇంటాయన కొంత దూరం నా వెనకే వచ్చాడు. నది వైపు పోతున్నాను కదా, దూకుతానేమోనని. నాలుగో రోజు తెలివి తెచ్చుకుని చేతిలో చెంబు పట్టుకున్నాను. చెంబు పట్టుకున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు, ఎదురుపడ్డ మగవాళ్లు తలలు కూడా తిప్పుకుంటారు. అయితే చెంబుతో పోయే పనికి గంటసేపు పట్టదు. పట్టిందంటే మరో రకం పరామర్శ మొదలవుతుంది.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో తెలుగు చెప్పే టీచరును. హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ మైదానం చుట్టూ ఆరు చుట్లు పరిగెత్తి, ఆరో చుట్టులో కూడా పక్కదానితో వాదిస్తూ ఉండేదాన్ని. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, కుర్చీ ఉద్యోగం. నడుం పట్టేసింది. సెలవుల్లో వరంగల్లో చూపించుకుంటే డాక్టరమ్మ రోజూ నాలుగు మైళ్లు నడవమంది. ఆమెకేం, చెప్పింది. వరంగల్లో మనిషి ఎందుకు నడుస్తున్నదో ఎవరికీ పట్టదు.

ఆ ఏడే మా ఆయనకు కామెర్లు వచ్చాయి. రేగుంట నుంచి ఒకాయన వచ్చి ఆకు పసరు తాగించాడు, పథ్యం పెట్టించాడు. మూడు వారాలకు కళ్లు తెల్లబడి, మా ఆయన మళ్లీ తహసీలు ఆఫీసులో తన ఫైళ్ల మధ్య కూర్చున్నాడు. మా అత్త నెమ్మదించి తన చుట్టల కట్ట మళ్లీ విప్పింది. అదే అదనుగా నేను చెప్పాను.

"అత్తా, నీ కొడుకు మంచిగ అయితే పొద్దుగాల గంగకు పోయి బిందెడు నీళ్లు తెచ్చి తులసమ్మకు పోస్తనని మొక్కుకున్న."

ప్రాణహితను ఇక్కడ అందరూ గంగ అనే అంటారు. అత్త నా మొహంలోకి కాసేపు చూసింది. దేవుడి ముందు దీపం పెట్టమంటే మూడు సాకులు చెప్పే కోడలు మొక్కుకుందంటే ఎవరైనా చూస్తారు.

"మంచిదే. ఎన్ని దినాలు?"

"లెక్క పెట్టుకోలే."

"లెక్క లేని మొక్కు ఏందే? తొమ్మిదో, ఇరవయొక్కటో, ఏదో ఒకటి అనుకుంటరు గద."

లెక్క చెబితే ఆ లెక్క అయిపోయిన రోజున నా నడకా అయిపోతుంది. నాకు అది ఇష్టం లేదు. అందుకని నా నోరు వెంటనే తయారయింది.

"నీ కొడుకు పానం గురించి దేవునితోని బేరం ఆడుమంటవా అత్తా?"

అత్త నోరు మూతపడింది. నేను గెలిచాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. నా జీవితంలో గెలిచిన వాదనల్లో నాకు అంత ఖరీదు పడింది మరొకటి లేదు.

ఏడేళ్లు నడిచాను. నడుముకు చిన్న ఇత్తడి బిందె ఆనించుకుని ఇంటి నుంచి రేవు దాకా మైలు. రేవులో బిందెను పడవల దగ్గర బోర్లించి, ఒడ్డు వెంబడి ఇసుకలో నల్లబండ దాకా ఇంకో మైలు. ఈ రెండో మైలులో చేతిలో ఏమీ ఉండేది కాదు. నల్లబండను అరచేతితో ఒకసారి కొట్టి వెనక్కి తిరిగేదాన్ని. బిందె నింపుకుని ఇంటికి వచ్చి, ఆ నీళ్లు తులసి గద్దెలో పోసి, స్నానం చేసి బడికి. వానాకాలంలో ఇసుక మునిగితే రేవు దాకానే. మూలమీది ఇంటావిడ ఇప్పుడు నన్ను చూసి చీపురు పక్కన పెట్టి దండం పెట్టేది. ఆ దండాన్ని కూడా నేను మొహమాటం లేకుండా తీసుకున్నాను.

రేవులో పడవ నడిపే ఆయనొక్కడికే నా సంగతి తెలుసు. తెల్లవారక ముందే అవతలి ఒడ్డుకు, కాళేశ్వరం వైపుకు, మొదటి పడవ ఆయనదే. ఒకరోజు బీడీ కాలుస్తూ అన్నాడు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మొక్కుకున్నోళ్లు గట్ల చేతులు ఊపుకుంట ఇసుకల ఉరుకుతరా?"

"నా మొక్కు గట్లాంటిదే. నీకేం నొప్పి?"

"నాకేం నొప్పి? మీ బిందె కాపలా నాదే గద అని అడిగిన."

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అడగలేదు. నేను వచ్చేసరికి బిందెను లోపలా బయటా ఇసుకతో తోమి పెట్టేవాడు. మనిషిని ఇబ్బంది పెట్టకుండా నిజం తెలుసుకుని ఉండడం అందరికీ చేతకాదు.

ఆ గంట నాది. ఇంట్లో ఏ గంటా నాది కాదు, బడిలో ఏ గంటా నాది కాదు. ఆ గంటలో నేను ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. అంతకంటే ఎక్కువ చెబితే కవిత్వం అవుతుంది.

ఎనిమిదో ఏడు శ్రావణంలో జ్వరం వచ్చింది. మా ప్రాంతంలో జ్వరం అంటే మలేరియానే, ఇంకోటి అని నిరూపించుకునే భారం రోగిదే. నెలకు రెండుసార్లు ఇంటింటికీ తిరిగి గోడ మీద తారీఖు రాసిపోయే మలేరియా మనిషి వచ్చి, నా వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం రాసుకుని, నాలుగు చేదు గోలీలు చేతిలో పోశాడు. నాలుగో రోజు జ్వరం పోయింది. ఇరవై రోజులకు రక్తంలో ఏమీ లేదని కబురు వచ్చింది. అప్పటికి జ్వరం సంగతి అందరూ మరిచిపోయారు. నేను మాత్రం లేవలేకపోతున్నాను.

ఇది ఎలా ఉండేదో చెప్పడం కష్టం. నొప్పి అయితే వేలు పెట్టి చూపించవచ్చు. నెత్తిన బియ్యం బస్తా పెట్టినట్టు అంటారు, అదీ కాదు, బస్తా దించితే దిగుతుంది. తడిసిన బొంతను బావిలో నుంచి ఎత్తినట్టు నన్ను నేను మంచం మీది నుంచి ఎత్తుకోవలసి వచ్చేది. ఎత్తాక ఎక్కడ ఆరేయాలో తెలిసేది కాదు. రాత్రంతా నిద్రపోయి లేచినా పడుకోక ముందు ఎలా ఉన్నానో అలాగే ఉండేదాన్ని. బాధ కూడా ఉండేది కాదు. బాధపడడానికి కూడా కొంచెం బలం కావాలని అప్పుడే తెలిసింది.

ఆ ఏడు వానలు వెనకబడి ఇసుక ఇంకా మునగలేదు. జ్వరం తగ్గాక మొదటి వారం రేవు దాటి ఇసుకలో దిగాను. సగం దూరంలో కాళ్లు ఆగిపోయాయి. నల్లబండ కనిపిస్తూనే ఉంది. కాసేపు నిలబడి వెనక్కి తిరిగాను. ఇసుకలో దిగాక దాన్ని చేత్తో కొట్టకుండా తిరగడం ఏడేళ్లలో అదే మొదలు. రెండో వారం రేవు నుంచే తిరిగాను. మూడో వారం నిండు బిందె మోయలేక సగం దారిలో ఒలకబోసి, ఇంటి బావి నీళ్లు నింపి తులసికి పోశాను. అత్త చూడలేదు. తులసి ఏమీ అనలేదు.

ఊరుకున్నానా, ఊరుకోలేదు. ఏడో తరగతి పిల్ల ఎవరైనా డ్రిల్లు పీరియడులో కూర్చుంటే, "లే, సోమరితనం కాకపోతే ఏం రోగం?" అని అరిచేదాన్ని నేనే. అదే మాట నాకు నేను చెప్పుకున్నాను. కరెంటు స్తంభాల లెక్క పెట్టుకున్నాను. ఈ రోజు ఆరో స్తంభం దాకా, రేపు ఏడో స్తంభం దాకా. ఏడో స్తంభం దాకా పోయిన మర్నాటి నుంచి మూడు రోజులు మంచం మీదే. నాలుగో రోజు మళ్లీ ఒకటో స్తంభం. మనుషులతో వాదించి గెలిచినట్టు ఒంటితో గెలవవచ్చు అనుకున్నాను. ఒళ్లు వాదించదు. ఊరికే కూర్చుంటుంది.

సర్కారు దవాఖానాలో డాక్టరు చిన్నవాడు, నాగపూర్ వైపు మనిషి. కంటి రెప్ప కిందికి లాగి చూసి, "కాహీ నాహీ బాయీ, రక్తం కొంచెం తక్కువ," అని మరాఠీలో తేల్చేసి, నల్లటి గోలీలు ఇచ్చాడు. నెల వేసుకున్నాను. ఏమీ లేదన్న మాటే నిజమయింది, గోలీల్లో ఏమీ లేదు. చామోర్షిలో ఒక ప్రైవేటు డాక్టరు బాగా చూస్తాడని ఎవరో చెబితే ఎర్ర బస్సులో నా ఎముకలన్నీ వేరువేరు చేసుకుని అక్కడికీ పోయాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. ఒక సూది వేశాడు. వచ్చేటప్పుడు సలహా ఇచ్చాడు.

"బాయీ, రోజూ పొద్దున్నే కాస్త నడవండి. అన్నీ సర్దుకుంటాయి."

నడవలేకపోతున్నానని చెప్పుకోవడానికే అంత దూరం వచ్చాను. మామూలు రోజైతే ఆయన కుర్చీలో నుంచి లేచిపోయేదాకా వదిలేదాన్ని కాదు. "సరే," అని బయటికి వచ్చాను. బస్సులో అంతా ఆ 'సరే' గురించే ఆలోచించాను. ఆ మాట నా నోట్లోకి ఎట్లా వచ్చింది?

మా ఆయనకు నా జబ్బు సంగతి అలాగే తెలిసింది. పప్పులో ఉప్పు ఎక్కువయిందని ఆయన, ఎక్కువ కాలేదని నేను, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తగాదా ఒకటి ఉంది. ఆ రోజు పప్పు నోట్లో పెట్టుకుని ఎప్పటిలాగే మొహం పెట్టాడు.

"ఉప్పు ఎక్కువైంది."

నేను మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపాను.

"వింటున్నవా? ఉప్పు ఎక్కువైందంటున్న."

"అయి ఉంటది."

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేసి నన్ను ఎగాదిగా చూశాడు. నా నుదుటి మీద చెయ్యి వేశాడు.

"జ్వరం లేదు గదనే. మరేమైంది నీకు?"

"ఏం కాలే."

"ఏం కాకుంటే ఒప్పుకుంటవా నువ్వు? రేపు చంద్రపూర్ పోదం పా."

పోలేదు. పిల్లలిద్దరూ అక్కడే చదువుకుంటున్నారు, వాళ్లను చూసినట్టూ ఉంటుందని ఆశ పెట్టాడు. బస్సులో అన్ని గంటలు కూర్చోవడం తలుచుకుని పడుకున్నాను.

బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా చుట్టు తిరుగుతుంటే నేను అరుగు మీద కూర్చున్నాను. పాటలో కలపడానికీ గొంతు రాలేదు. మూలమీది ఇంటావిడ ఆటలో నుంచి బయటికి వచ్చి నా పక్కన చేరింది.

"టీచరమ్మా, గంగ దిక్కు కనవడుత లేవు? నెల దాటె."

"ఒంట్ల బాగ లేదు."

"అదే అంటున్న. మొక్కు తప్పినంక ఒంట్ల ఎట్ల బాగుంటది? నీ తాననే ఆగితె మంచిదే. రేపు ఇంటాయన మీదికి పోతే?"

ఆవిడకు ఇవ్వదగిన జవాబులు నాకు ఆరేడు కనిపించాయి. అన్నీ దూరంగా, నల్లబండలాగే కనిపిస్తూ. వాటిదాకా పోలేదు. పండగలో వెలిగించిన దీపాల కేసి చూస్తూ కూర్చున్నాను. పక్కనే కూర్చున్న మా అత్త ఆ మాటలన్నీ విన్నది. చుట్ట కొసను నేలకు నలిపి చెవి వెనక పెట్టుకుంది.

దీపావళి పోయిన వారానికి మా ఆయన స్నేహితుడి ఇంట్లో మేకమాంసం రెండు పళ్లేలు లాగించి వచ్చి, మర్నాడు కడుపు పట్టుకుని పడుకున్నాడు. రెండు పళ్లేలు తిన్నవాడికి కడుపు నొస్తుంది, దీనికి గంగకూ తులసికీ సంబంధం లేదు. కాని అత్తకు ఉంది.

ఆ మర్నాడు తెల్లవారుజామున బిందె చప్పుడు వినిపించింది. మా ఇంట్లో ఆ బిందెను తీస్తే గూటి రాయికి తగిలి ఒక చప్పుడు అవుతుంది, ఏడేళ్లు దాన్ని చేసిన మనిషిని నేనే కాబట్టి పడుకునే గుర్తుపట్టాను. తర్వాత గడియ తీసిన చప్పుడు. తర్వాత మెట్టు దిగుతూ "రామా" అన్న అత్త మూలుగు.

అత్తకు డెబ్బై దాటాయి. ఒక కంటికి పొర. మోకాళ్లు ఎప్పుడో పోయాయి. రేవులో దిగే దారి వానాకాలం ఒండ్రుతో ఇంకా జారుతూనే ఉంటుంది. ఇవన్నీ వరసగా నాకు గుర్తొచ్చాయి. లేవాలనుకున్నాను. అనుకోవడం దగ్గరే ఆగిపోయింది. ఇంటి పైకప్పు గూనపెంకుల మధ్య నుంచి వెలుగు తెల్లగా వచ్చేదాకా దాన్నే చూస్తూ పడుకున్నాను. భయపడవలసిన సమయం అది. భయం రాలేదు. రావలసిన మనిషి రాలేదన్నట్టు ఎదురు చూశాను, అంతే.

అత్త చాలా సేపటికి వచ్చింది. బిందెలో సగానికి తక్కువ నీళ్లు. తులసికి పోసి, గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్లు నిమురుకుంది.

"నువ్వెందుకు పోయినవ్ అత్తా?"

"నువ్వు పోతె నేనెందుకు పోత?"

మర్నాడూ పోయింది. రోజూ పోయింది. నేను రోజూ ఆ బిందె చప్పుడు విన్నాను. మా ఆయనతో చెప్పాను. "వద్దంటె వింటదా? నా పానం గురించి ఆమె పరేషాన్," అన్నాడు కొంచెం గొప్పగానే. తన ప్రాణానికి ఇంతమంది ఆడవాళ్లు నీళ్లు మోయడం ఆయనకు బాగానే ఉన్నట్టుంది.

నాకు చేయగలిగిన పని ఒక్కటే ఉండేది. నిజం చెప్పడం. దానికి నాలుగు మైళ్లు నడవక్కర్లేదు, మంచం మీది నుంచి లేవనక్కర్లేదు. కాని చెబితే ఆ ఏడేళ్ల గంట అబద్ధం అవుతుంది. ఒళ్లు బాగయిన రోజున మళ్లీ పోవడానికి నాకు సాకు మిగలదు. అందుకని చెప్పలేదు. నడవలేని నడకను దాచుకోవడానికి ముసలమ్మను పదిహేను రోజులు చీకట్లో రేవుకు పంపాను. దీన్ని ఇప్పుడు ఇలా రాస్తుంటే ఎవరిదో తప్పు రాస్తున్నట్టు ఉంది. నాదే.

పదహారో రోజు పడవాయన ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాడు. చీర నడుం దాకా తడిసింది, మోచెయ్యి గీరుకుపోయింది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండో చేతిలో బిందె ఆయనే పట్టుకున్నాడు. నిండా నీళ్లు.

"రేవుల జారింది ముసలవ్వ. నేను ఆడ ఉన్న గనుక బతికింది. నిన్న అయితె నేను అవతలి ఒడ్డున ఉంటి." మంచం మీద కూర్చున్న నన్ను చూశాడు. ఏడేళ్లలో మొదటిసారి ఆయన గొంతు గట్టిపడింది. "టీచరమ్మా, మీకు ఎరుకే గద. ఇగ ముసలామెను పంపకుండ్రి."

మీకు ఎరుకే గద అన్న మాటలో నా మొత్తం సంగతి ఉంది. అత్తకు వినిపించింది. వినిపించేలాగే అన్నాడేమో కూడా. బిందె గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

అత్తకు పొడి చీర చుట్టాను. మోచేతికి పసుపు అద్దాను. పొయ్యి ముందర కూర్చోబెట్టి చాయ గ్లాసు చేతిలో పెట్టాను. ఈ పనుల మధ్య రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చెప్పేశాను.

"అత్తా, నేను మొక్కుకోలే."

"ఆ?"

"మొక్కు లేదు, గిక్కు లేదు. అబద్ధం చెప్పిన. నీ కొడుకుకు ఏం గాదు. నువ్వు ఇగ పోకు."

అత్త చాయ ఊదుకుంటూ తాగింది. ఒక గుక్క, రెండు గుక్కలు.

"మరి ఏడేండ్లు ఆడ ఏం జేసినవ్?"

"నడిచిన."

"నడిచి?"

"నడిచి మల్ల వచ్చిన."

"దేనికి?"

"ఏం లేదు. ఊకెనే."

ఆమె నన్ను చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. కోపం కాదు. ఏడేళ్లు రోజూ పొద్దున బంగారం లాంటి నిద్ర చెడగొట్టుకుని ఒక రాయి దాకా పోయి మళ్లీ వచ్చిన మనిషిని చూస్తే ఎవరికైనా కలిగే అనుమానం.

"రోగం గప్పటి సంది ఉన్నట్టున్నది నీకు," అంది.

మామూలుగా నవ్వవలసిన మాట. నవ్వు కూడా ఎక్కడో దూరంగా ఉండిపోయింది.

"సరే గని, ఇగ పోకు అత్తా."

"ఎందుకు పోను? నీది అబద్ధం. నాది కాదు గద. నేను గంగల దిగి, నీళ్లు దోసిట్ల పట్టి, నా నోటితోని చెప్పిన."

"ఏమని చెప్పినవ్? ఎన్ని దినాలని?"

"మాఘ పున్నమి దాక." గ్లాసు కింద పెట్టింది. "లెక్క లేకుండ మొక్కుతనానే, నీ లెక్క?"

ఈసారి అత్త గెలిచింది. నా అలసట వల్ల కాదు. నిజంగానే గెలిచింది.

మాఘ పున్నమి అంటే ఇంకా రెండు నెలల పైనే. మానుకోమంటే మానుకోదు. ఒంటరిగా పంపడానికి లేదు. మా ఆయన్ను తోడు పొమ్మన్నాను. "మొక్కు నా మీదనే గద, నేనే నీళ్లు మోసుడు బాగుంటదా?" అని శాస్త్రం చెప్పాడు. పడవాయన తన మొదటి పడవ కొంచెం ఆలస్యంగా తీసి, అత్తను రేవులో చెయ్యి పట్టుకుని దింపి ఎక్కిస్తానన్నాడు. ఇంటి నుంచి రేవు దాకా దారి మిగిలింది. అది నా వాటాకు వచ్చింది.

మొదటి రోజు మోరీ దాకా పోయాను. ఇంటికీ రేవుకూ మధ్య, రోడ్డు కింద నుంచి వాననీరు పోయే మోరీ ఒకటి ఉంది, దానికి రెండు వైపులా మోకాలెత్తు గోడలు. స్తంభాల లెక్కలో అయితే నాలుగోది. అక్కడ కాళ్లు అయిపోయాయి. గోడ మీద కూర్చున్నాను. అత్త ఆగి చూసింది.

"ఆడనే ఉండు. నేను వస్త."

"దారిల చూసుకుంట పో."

"నీ కంటె మంచిగనే పోత."

నిజమే. అంత కీళ్ల నొప్పుల మనిషి, నాకంటే మంచిగానే పోయింది. పొగమంచులో ఆమె చీర నాలుగు అడుగులకే కనిపించకుండా పోయేది. గోడ మీద చలికి ఒళ్లు బిగుసుకుని కూర్చునేదాన్ని. రేవు వైపు నుంచి పడవాయన దగ్గు వినిపించేది. తర్వాత చాలాసేపటికి బిందె తొణికిన చప్పుడు, తర్వాత అత్త. బిందె నేను అందుకునేదాన్ని. పది అడుగులు నేను, పది అడుగులు ఆమె. మధ్యలో ఆగితే ఇద్దరం ఆగేవాళ్లం. ఎవరు ఆగింది ఎవరి కోసమో అడగలేదు.

దానికి ముందు నేను రోజూ ఒక స్తంభం ఎక్కువ పోవాలని చూసి పడిపోయేదాన్ని. అత్త ముందుకు పోనిచ్చేది కాదు. ఒకరోజు కాళ్లు కొంచెం తేలికగా ఉంటే మోరీ దాటి నడవబోయాను.

"ఏడికి?"

"ఇయాల జర మంచిగున్నది. రేవు దాక వస్త."

"మంచిగున్నప్పుడే కూసోవాలె. బాగలేనప్పుడు కూసునేదేముంది, పశువు గూడ కూసుంటది."

వాదించాలనిపించింది. అనిపించిందే, ఎన్ని నెలల తర్వాతో. కాని కూర్చున్నాను. మర్నాడు మంచం మీద పడిపోలేదు. ఆ మర్నాడూ లేదు. రెండు నెలల్లో పడిపోయినవి నాలుగు రోజులో అయిదు రోజులో. ఆ రోజుల్లో మూలమీది ఇంటావిడ అత్తకు తోడు పోయింది. పుణ్యం సగం తనకు రావాలని ముందే మాట్లాడుకుని మరీ పోయింది.

ఇది బాగవడం కాదు. బాగవడమంటే నల్లబండ. ఇది మోరీ.

మాఘ పున్నమి నాడు అత్త ఐదుగురు ముత్తయిదువలను పిలిచి, పసుపు కుంకుమలిచ్చి, బెల్లపన్నం పెట్టింది. పడవాయనకు ఒక తువ్వాల. మా ఆయన నెత్తిన ఆఖరు బిందెలో మిగిలిన నీళ్లు దోసెడు పోసింది. చలికి ఆయన గెంతాడు. బిందెను చింతపండుతో తోమి, ఎండబెట్టి, అటక మీదికి ఎక్కించమని నాకు ఇచ్చింది.

"గూట్లె పెట్టనా?"

"మొక్కు అయిపోయింది. ఇగ గూట్లె ఎందుకు?"

"రేపు నేను..." అని ఆగిపోయాను.

అత్త తన చుట్ట అంటించుకుంది. ఒక దమ్ము పీల్చి వదిలింది.

"నడుస్తవేమో నడువు. నీళ్లు మోసుకుంట అబద్ధాలు గూడ మొయ్యకు. అందుకే గావచ్చు నీకు ఆయాసం."

మర్నాడు తెల్లవారుజామున బిందె చప్పుడు లేదు. అత్త నిద్రపోతూ ఉంది, మూడు నెలల నిద్ర. నేను మెల్లగా లేచి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, గడియ తీసి బయటికి వచ్చాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకున్నాను, మళ్లీ వదిలేశాను.

మూలమీది ఇంటావిడ చీపురు ఆపింది.

"ఏమాయె టీచరమ్మా? మొక్కు నిన్ననే ముగిసె గద. ఉత్త చేతులతోని ఎటు?"

"ఎటు లేదు. నడుస్తున్న."

"నడుచుడంటె?"

"నడుచుడే."

ఆవిడ నా వెనక దారి అంతా చూసింది, ఎవరైనా ఏడుస్తూ వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. నేను మోరీ దాకా పోయాను. రేవు వైపు మంచు ఇంకా లేవలేదు, పడవ కదిలిన చప్పుడు మాత్రం వినిపించింది. గోడ మీద అత్త కూర్చోబెట్టిన చోటే కూర్చున్నాను. కాళ్లు ఆరోజు కొంచెం మంచిగానే ఉన్నాయి. అందుకని అక్కడి నుంచే వెనక్కి తిరిగాను.